చొక్కా మీద జెండా, లేబుల్ మీద ఏ దేశం?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో ఏడు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. అమెరికాలో వీడియోలు చేసేవారు దేశభక్తి చొక్కాలను, సైనిక శైలి సంచులను, బెల్టులను, చివరికి కాఫీ పొడిని కూడా అమ్ముతున్న తీరు గురించి పాఠకులు అడుగుతున్నారు. రాసినవారిలో అక్కడ స్థిరపడ్డవారూ ఉన్నారు, చదువుకుంటున్నవారూ ఉన్నారు, ఇక్కడి నుంచి పిల్లల కోసం బెంగపడుతున్నవారూ ఉన్నారు. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. పాఠకుల పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అబ్బాయి టెక్సస్‌లో పదకొండో తరగతి చదువుతున్నాడు. ఏడాదిగా మాజీ సైనికులు చేసే యూట్యూబ్ వీడియోలు తప్ప మరేవీ చూడడం లేదు. వాళ్లు అమ్మే చొక్కా, టోపీ, వెల్క్రో ప్యాచ్‌లు, నిండా పట్టీలు కుట్టిన నల్ల సంచి, ఆఖరికి వాళ్ల కాఫీ పొడి కూడా కొనిపెట్టమంటున్నాడు. మా ఇంట్లో ఎవరికీ మిలిటరీతో సంబంధం లేదు. ఇది ఏ రకం వ్యాపారం? మేము భయపడవలసింది ఏమైనా ఉందా?

జవాబు: మీ భయం సంగతి ముందు చెప్పి, వ్యాపారం సంగతికి తరువాత వస్తాను. ఆ వయసు కుర్రవాడికి సైనికుల మీద ఆరాధన కలగడం కొత్తేమీ కాదమ్మా. వలస వచ్చిన ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడు తానూ ఈ ఊరివాడినేనని తోటివారికి చెప్పుకోవడానికి అది ఒక దారి కూడా కావచ్చు. చొక్కా కొనివ్వడం వల్ల వచ్చే ప్రమాదం లేదు. అయితే ఆ చొక్కా తన దాకా ఏ దారిన వచ్చిందో అతనికి తెలిసినట్టు లేదు. మీరు అతనితో మాట్లాడవలసింది దాని గురించే.

మామూలు బట్టల వ్యాపారి ముందు సరుకు తయారు చేయించి, తరువాత కొనేవారిని వెతుక్కుంటాడు. ఇక్కడ ఆ వరుస తిరగబడింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల నుంచి తిరిగివచ్చిన యువకులు కొందరు బ్యారక్ జీవితం మీద, పై అధికారుల మీద, పౌర జీవితంలో తమకు మింగుడుపడని విషయాల మీద హాస్య వీడియోలు చేశారు. చూసేవారు పోగయ్యాక చొక్కాలు వచ్చాయి, చొక్కాల వెనుక కాఫీ వచ్చింది. 2009లో మొదలైన గ్రంట్ స్టైల్, 2012లో మొదలైన నైన్ లైన్ అపెరల్ మాజీ సైనికులు పెట్టిన దుస్తుల సంస్థలే. అమెరికా సైన్యపు ప్రత్యేక దళాల్లో పనిచేసిన ఇవాన్ హేఫర్ 2014లో ప్రారంభించిన బ్లాక్ రైఫిల్ కాఫీ కంపెనీ ఈ పద్ధతికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ. అందులో భాగస్వామి అయిన మ్యాట్ బెస్ట్‌కు కాఫీ కంటే ముందే వీడియోల వల్ల వచ్చిన అభిమానులూ ఉన్నారు, చొక్కాల వ్యాపారమూ ఉంది. ఆ కంపెనీ షేర్లు 2022 ఫిబ్రవరిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజికి చేరాయి. నవ్వించే వీడియోలతో పుట్టిన అభిమానం కొన్నేళ్లలోనే షేర్ మార్కెట్ దాకా నడిచిందన్నమాట.

ప్రకటనల ఆదాయం ఉండగా వీరికి సరుకు అమ్ముకోవలసిన అవసరం ఏమిటని మీరు అడగవచ్చు. నిడివి గల వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బులో 55 శాతాన్ని యూట్యూబ్ వాటిని చేసినవారికి ఇస్తుంది. కానీ తుపాకులు కనిపించే వీడియో పక్కన తమ సబ్బు ప్రకటనో బీమా ప్రకటనో రావడం చాలా కంపెనీలకు ఇష్టం ఉండదు కాబట్టి, ఆ 55 శాతం వీరి విషయంలో నమ్ముకోదగ్గ ఆదాయం కాదు. ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ పాఠశాలలో కాల్పులు జరిగిన మరుసటి నెలలో, అంటే 2018 మార్చిలో, తుపాకులనూ కొన్ని రకాల విడిభాగాలనూ అమ్మడానికి చేసే వీడియోలను, వాటిని అమ్మే సైట్లకు లింకులిచ్చే వీడియోలను యూట్యూబ్ నిషేధించింది. గూగుల్, ఫేస్‌బుక్ ప్రకటనల్లో తుపాకుల అమ్మకానికి చోటే లేదు. చొక్కాకూ కాఫీకీ అంతటి అడ్డంకి లేదు. తుపాకీ పేరు పెట్టుకున్న కాఫీ, తుపాకీ పట్టేవాడు తగిలించుకునే సంచి ఆ గుమ్మం లోంచి దర్జాగా లోపలికి రాగలవు. పైగా అదే ఏడాది జూన్‌లో, పదివేల మందికి పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నవారు వీడియో కిందనే తమ సరుకు పేర్చుకునే ఏర్పాటును యూట్యూబే ప్రకటించింది. ఒక తలుపు మూసినవారే రెండో తలుపు తెరిచారు.

ఇక వీడియో లోపలి నడక చూడండి. సరుకు గురించి మాట్లాడే ముందే అది కనిపిస్తుంది: మాట్లాడే మనిషి ఆ టోపీ పెట్టుకునే ఉంటాడు, బల్ల మీద ఆ కప్పు ఉంటుంది, గోడకు ఆ జెండా ఉంటుంది. "రోజూ నా వెంట ఉండేవి" అనే తరహా వీడియోలు ఒక ప్రత్యేక శాఖగా పెరిగాయి. వాటిలో జేబులోని టార్చీ, చాకు, కత్తెరా స్క్రూడ్రైవరూ కలిసిన పనిముట్టు, రక్తం ఆపే పట్టీ ఒక్కొక్కటే బల్ల మీదికి వస్తాయి, ప్రతి వస్తువుకూ డిస్క్రిప్షన్‌లో ఒక లింకు ఉంటుంది, చాలాసార్లు ఆ లింకు ద్వారా ఎవరైనా కొంటే వీడియో చేసినవారికి కమిషన్ ముడుతుంది. కొత్త చొక్కాను పరిమిత సంఖ్యలోనే వేశామని, అయిపోతే మళ్లీ రాదని చెప్పి తొందరపెట్టడం మరో పద్ధతి. కాఫీకీ చొక్కాలకూ నెలవారీ చందాలు పెట్టడం ఇంకొకటి. జులై 4న వచ్చే స్వాతంత్ర్య దినం, నవంబరు 11న వచ్చే వెటరన్స్ డే, మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే వీరికి పెద్ద అమ్మకాల రోజులు. మెమోరియల్ డే యుద్ధాల్లో మరణించినవారిని తలచుకునే రోజు. ఆ రోజు పేరిట డిస్కౌంట్ ప్రకటించడం మాజీ సైనికుల్లోనే చాలామందికి నచ్చదు, నాకూ నచ్చదు.

మీవాడు అడిగిన సంచి మీద కుట్టిన పట్టీల వరుసలకు మాలీ అని పేరు. 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చిన పద్ధతి అది. తూటాల సంచి, మందుల సంచి, నీళ్ల సంచి ఎవరి అవసరాన్ని బట్టి వారు తగిలించుకోవడానికి పెట్టారు. మీవాడు దానికి నీళ్ల సీసా తగిలించుకుంటాడు, అందులోనూ తప్పు లేదు. ఈ రంగంలో బాగా పేరున్న 5.11 సంస్థ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ అంకె తూటా కొలత అనుకునేవారు ఉన్నారు గానీ, అది కొండరాళ్లు ఎక్కేవారు ఎక్కుడు ఎంత కష్టమో చెప్పడానికి వాడే కొలత. ఆ ప్యాంట్లు మొదట రాయల్ రాబిన్స్ అనే ప్రసిద్ధ పర్వతారోహకుడి సంస్థ కొండలు ఎక్కేవారి కోసం తయారు చేసినవే. ఎఫ్‌బీఐ శిక్షణ కేంద్రంలోని వారు వాటిని వాడడం మొదలుపెట్టాక అవి "టాక్టికల్" ప్యాంట్లు, అంటే పోలీసు, సైనిక పనులకు తగిన ప్యాంట్లు అయ్యాయి.

అయితే ఒక సంగతి మీవాడికి చెప్పదగినది ఉంది. ఈ చొక్కాలు గుడ్డగా అమ్ముడుపోవు, "మనవాళ్లు" అనే గుర్తుగా అమ్ముడుపోతాయి. గుర్తు కొన్నవారు దాని మీద హక్కు కూడా అడుగుతారు. 2020 నవంబరులో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని కెనోషాలో ఇద్దరిని కాల్చి చంపిన కేసులో నిందితుడైన యువకుడు బెయిల్ మీద బయటికి వచ్చినప్పుడు బ్లాక్ రైఫిల్ చొక్కాతో ఉన్న ఫోటో ప్రచారమైంది. అతనికి తాము స్పాన్సర్లం కామని కంపెనీ చెప్పగానే, అప్పటిదాకా దాన్ని నెత్తిన పెట్టుకున్న కొనుగోలుదారుల్లోనే ఒక వర్గం మోసపోయామని మండిపడి కాఫీ మానేస్తామని ప్రకటించింది. (ఆ యువకుణ్ణి మరుసటి ఏడాది జ్యూరీ నిర్దోషిగా తేల్చింది.) కాఫీ రుచిలో ఏ మార్పూ రాలేదు, అయినా గొడవ జరిగింది. మీవాడు ఆ చొక్కా వేసుకుని బడికి వెళ్తే, దాన్ని చూసేవారు అతను అనుకోని అర్థాలు కూడా చదువుకోవచ్చునని అతనికి తెలిసి ఉండడం మంచిది. ఒకసారి అతని పక్కన కూర్చుని ఒక వీడియో మొత్తం చూడండి. అమ్మకం ఏ నిమిషంలో మొదలైందో అతన్నే చెప్పమనండి. మీ పందెం ఒక చొక్కా అయినా నష్టం లేదు.

ప్రశ్న: మా తమ్ముడు ఒహాయోలో ఉంటాడు. తాను చూసే వీడియోల వ్యక్తి "నేను డబ్బు తీసుకుని ఏదీ పొగడను" అంటాడని, అందుకే అతను చెప్పిన బెల్టు, బూట్లు కొన్నానని అంటున్నాడు. కానీ ప్రతి వీడియో చివరా ఒక డిస్కౌంట్ కోడ్ చెబుతాడు. డబ్బు తీసుకోకపోతే కోడ్ ఎందుకు?

జవాబు: మీ అనుమానం సరైన చోటే పడింది. ఆ కోడ్‌లో చాలాసార్లు వీడియో చేసిన వ్యక్తి పేరో, ఛానల్ పేరో ఉంటుంది. దానివల్ల కొనేవారికి కొంత తగ్గింపు దొరుకుతుంది. కంపెనీకి మాత్రం ఈ అమ్మకం ఎవరి వీడియో వల్ల జరిగిందో తెలుస్తుంది. ఆ లెక్కను బట్టి కమిషన్ ఇచ్చే ఒప్పందాలే ఎక్కువ. "పొగడడానికి డబ్బు తీసుకోను" అనే మాట అక్షరాలా నిజమే కావచ్చు, ఎందుకంటే అతనికి డబ్బు పొగిడినందుకు కాక, మీ తమ్ముడు కొన్నందుకు వస్తూ ఉండవచ్చు.

అమెరికాలో ఈ విషయాన్ని వ్యాపార మోసాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చూస్తుంది. వస్తువును మెచ్చుకునేవారికీ దాన్ని అమ్మేవారికీ మధ్య డబ్బు, ఉచిత వస్తువు, ఉద్యోగం, బంధుత్వం వంటి సంబంధం ఏదైనా ఉండి, దాన్ని చూసేవారు ఊహించే వీలు లేకపోతే, స్పష్టంగా చెప్పి తీరాలి అన్నది నియమం. దీని మార్గదర్శకాలను 2009లో ఇంటర్నెట్ రాతలకు వర్తించేలా సవరించారు, 2023లో మళ్లీ మార్చారు. వీడియోలో పొగిడినప్పుడు సంబంధాన్ని వీడియోలోనే చెప్పాలని, డిస్క్రిప్షన్ అడుగున ఒక వాక్యం దాచిపెడితే సరిపోదని కమిషన్ చెబుతుంది. "ఫలానా కంపెనీకి ధన్యవాదాలు" అన్న మాటనూ, "అంబాసిడర్" అన్న ఒంటరి పదాన్నీ అది స్పష్టమైన వెల్లడిగా పరిగణించదు. డబ్బు తీసుకున్న ప్రచారం ఉందని వీడియో చేసినవారు యూట్యూబ్‌కు తెలియజేస్తే మొదటి పది సెకన్లు తెర మూల ఒక సూచన కనిపిస్తుంది, కానీ అది వారు తెలియజేసినప్పుడు మాత్రమే.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. ఆ బెల్టు కంపెనీ అతనిదే అయితే? సొంత సరుకు అని అందరికీ తెలిసినప్పుడు విడిగా చెప్పనక్కర లేదు. కంపెనీ పేరు వేరు, ఛానల్ పేరు వేరు, వాటా మాత్రం లోపల ఉన్నప్పుడే చిక్కు. కంపెనీ సైట్‌లో స్థాపకులను పరిచయం చేసే పేజీని ఒకసారి చదవమని మీ తమ్ముడికి చెప్పండి. బూట్లు బాగుంటే బాగున్నట్టే, వాటిని తిరిగి పంపమని నేను చెప్పడం లేదు.

ప్రశ్న: ఛాతీ మీద పెద్ద జెండా, వీపు మీద డేగ బొమ్మ ఉన్న చొక్కా ఒకటి మా బావగారు వీడియో చూసి తెప్పించారు. వీడియోలో "అమెరికాలో ముద్రించింది" అని పదేపదే చెప్పారు. మెడ దగ్గర లేబుల్ మీద చూస్తే మధ్య అమెరికాలోని వేరే దేశం పేరు ఉంది. ఇది మోసం కాదా? ఫిర్యాదు చేయవచ్చా?

జవాబు: మీ బావగారికి అబద్ధం చెప్పలేదు, నిజంలో ఒక ముక్క మాత్రమే చెప్పారు. ఈ రంగంలో ఖాళీ చొక్కాలు వేరే దేశాల్లో కుట్టి వస్తాయి, బొమ్మ మాత్రం అమెరికాలోని ప్రెస్సులో పడుతుంది. "ముద్రించింది", "డిజైన్ చేసింది" అనే మాటలు ఆ చివరి పని గురించి మాత్రమే చెబుతాయి. వినేవారి చెవి దాన్ని "తయారైంది" అని మార్చుకుంటుంది. వక్త ఎన్నుకున్న క్రియాపదాన్ని గమనించడం మన వ్యాకరణం పంతుళ్లు నేర్పిన పాఠమే. అది ఇక్కడ డబ్బు ఆదా చేసే పాఠం కూడా.

"మేడ్ ఇన్ యూఎస్ఏ" అన్న మాటకు మాత్రం గట్టి కొలత ఉంది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ప్రకారం ఆ మాటను ఎలాంటి మినహాయింపూ లేకుండా లేబుల్ మీద రాయాలంటే చివరి కూర్పు అమెరికాలో జరగాలి, ముఖ్యమైన తయారీ పనులన్నీ అక్కడే జరగాలి, భాగాలన్నీ లేదా దాదాపు అన్నీ అక్కడివే అయి ఉండాలి. బయటి గుడ్డతో అక్కడ కుడితే ఆ సంగతి కూడా లేబుల్ మీద రాయాలి. బట్టలకు వేరే చట్టం ప్రకారం ఏ దేశంలో తయారైందో లేబుల్ ఉండి తీరాలి, ఆన్‌లైన్‌లో అమ్మేటప్పుడు వివరణలో కూడా దిగుమతి సరుకో, అమెరికా సరుకో, రెండూ కలిసినదో రాయాలి. అంటే మీ బావగారు ఆర్డర్ ఇచ్చిన పేజీలో ఎక్కడో చిన్న అక్షరాల్లో "ఇంపోర్టెడ్" అన్న మాట ఉండి ఉండాలి. అది లేకపోతే మీ ఫిర్యాదుకు బలం ఉంది. కమిషన్ సైట్‌లోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఈ నియమం వెనుక కథ తెలుసుకోదగినది. 2018లో శాండ్‌పైపర్ ఆఫ్ కాలిఫోర్నియా అనే సంస్థ, దాని అనుబంధ సంస్థ పైపర్‌గేర్ సైనిక శైలి సంచులనూ పర్సులనూ అమెరికాలో తయారైనవిగా ప్రచారం చేసుకున్నాయని కమిషన్ ఆరోపించింది. శాండ్‌పైపర్ సరుకులో 95 శాతానికి పైగా తయారై దిగుమతి అయినదేనని, పైపర్‌గేర్ సరుకులో సుమారు 80 శాతం అలా దిగుమతి అయినదో ముఖ్యమైన దిగుమతి భాగాలు ఉన్నదో అని చెప్పింది. నిజమైన దేశం పేరు ట్యాగ్ వెనుక వైపు ఉంది, అమెరికాలో తయారైందన్న కార్డు మాత్రం ముందు కనిపించేలా ఉంది. ఆ కేసు రాజీతో ముగిసింది, జరిమానా లేదు. జరిమానా లేని హెచ్చరికతో ఎవరు భయపడతారని అప్పటి కమిషనర్ రోహిత్ చోప్రా గట్టిగా విభేదించారు. చివరికి జరిమానా వేసే వీలున్న లేబుల్ నియమం 2021 ఆగస్టులో అమలులోకి వచ్చింది.

మరుసటి ఏడాదే అది పనిచేసింది. లయన్స్ నాట్ షీప్ అనే యూటా రాష్ట్రపు దుస్తుల సంస్థ చైనా తదితర దేశాల నుంచి వచ్చిన చొక్కాల ట్యాగులు తీసివేసి, వాటి మీద అమెరికా తయారీ గుర్తు వేసిందని కమిషన్ కేసు పెట్టింది. ఆ కేసులో వీడియోకు కూడా భాగం ఉంది: చైనా ట్యాగు చించేసి వేరే ట్యాగు పెట్టి దేశం పేరు దాచేయవచ్చునని ఆ సంస్థ యజమాని అంతకుముందు సామాజిక మాధ్యమంలో వీడియో పెట్టినట్టు కమిషన్ ఫిర్యాదులో రాసింది. 2022లో ఆ సంస్థ 2,11,335 డాలర్లు కట్టవలసి వచ్చింది. అమ్మకానికి ఉపయోగపడిన నోరే సాక్ష్యం కూడా చెప్పింది.

బయటి దేశంలో కుట్టినంత మాత్రాన చొక్కా నాసిరకం కాదని కూడా చెప్పాలి. కుట్టిన చేతులకు ఏ తప్పూ అంటదు. దేశం పేరు చెప్పి ధర పెంచినవాడు ఆ దేశంలో ఎంత పని చేయించాడో చెప్పాలన్నదే ఇక్కడ మన పట్టుదల.

ప్రశ్న: "మిలిటరీ గ్రేడ్" అని రాసి ఉన్న ఫోన్ కవరు, తాడు, బులెట్‌ప్రూఫ్ బడి సంచి కొనాలని మా కోడలు అనుకుంటోంది. మనవరాలి బడి గురించి ఆమెకు భయం. ఈ మాటలను నమ్మవచ్చా?

జవాబు: మొదటి రెండింటినీ త్వరగా ముగిస్తాను. "మిలిటరీ గ్రేడ్" అన్నది ఎవరూ ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఫోన్ కవర్ల మీద కనిపించే మిల్-ఎస్‌టీడీ-810 అన్నది ఎండ, చలి, తేమ, దుమ్ము, కుదుపు వంటివాటికి పరికరం ఎలా నిలుస్తుందో చూసే పరీక్షల సంపుటి. అందులో ఏ పరీక్ష చేయాలో తయారీదారే ఎంచుకోవచ్చు, ఫలితాన్ని సైన్యం ధ్రువీకరించదు. ఏ పరీక్షలు చేశారో రాయని ప్రకటనకు విలువ లేదు. తాడు విషయంలో మీరే చూసుకోవచ్చు: ప్యారాకార్డ్ అనే పారాచూట్ తాడుకు 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోల బరువు ఆపే శక్తి ఉండాలి, సైన్యపు కొలత ప్రకారం పై తొడుగు లోపల 7 నుంచి 9 పేటలు ఉంటాయి. కొస కత్తిరించి లెక్కపెట్టండి. అలంకారానికి చేసిన తాళ్లలో అంతకంటే తక్కువ కనిపిస్తాయి.

సంచి సంగతి వేరు, ఇక్కడ భయాన్ని అమ్ముతున్నారు. అమెరికాలో తూటాల నుంచి కాపాడే కవచాలకు కొలతలు నిర్ణయించేది న్యాయశాఖలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జస్టిస్. ఆ సంస్థ పోలీసులు ఒంటి మీద ధరించే కవచాలను మాత్రమే పరీక్షించి జాబితాలో పెడుతుంది. బడి సంచులను, దుప్పట్లను, బ్రీఫ్‌కేసులను తాను ఎన్నడూ పరీక్షించలేదని, ధ్రువీకరించలేదని స్వయంగా చెప్పింది. కాబట్టి సంచి మీద ఆ సంస్థ "సర్టిఫికెట్" ఉందని ఏ వీడియోలోనైనా చెబితే ఆ మాట తప్పు. ఆ సంస్థ కొలతలకు తగ్గట్టు వేరే ప్రయోగశాలలో పరీక్షించామని చెబితే అది నిజం కావచ్చు, అప్పుడు పరీక్ష నివేదిక అడగాలి. అటువంటి మెత్తటి పలకలు సాధారణంగా పిస్తోలు తూటాలను ఆపడానికి చేసినవి. రైఫిల్ తూటాకు అవి చాలవు. అయినా కొనాలా వద్దా అన్నది మీ కోడలి నిర్ణయమే, తల్లి భయాన్ని లెక్కలతో కొట్టివేయడం నా పని కాదు.

ఈ జాబితాలో మీరు అడగని ఒక వస్తువు గురించి హెచ్చరించాలి. రక్తస్రావం ఆపే టూర్నికే పట్టీకి నకిలీలు ఉన్నాయి, అవి అసలువాటిలాగే కనిపిస్తాయి, బిగించేటప్పుడు విరిగిపోతాయి. దాన్ని మాత్రం వీడియో కింద లింకు చూసి చవకగా కొనకండి. తయారీ సంస్థ నుంచో, అది గుర్తించిన అమ్మకందారు నుంచో కొనమనండి.

ప్రశ్న: వీడియోలో సరుకు అమ్మే వ్యక్తి తాను ప్రత్యేక దళాల్లో పనిచేశానని, లాభంలో కొంత భాగం గాయపడ్డ సైనికులకు ఇస్తున్నానని చెబుతాడు. ఈ రెండూ నిజమో కాదో తెలుసుకునే దారి ఉందా?

జవాబు: మొదటిదానికి ఉంది. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో సైనిక సిబ్బంది రికార్డుల జాతీయ కేంద్రం ఉంది. సమాచార హక్కు వంటి అక్కడి చట్టం కింద ఎవరైనా అడిగితే, మాజీ సైనికుడి హోదా, పనిచేసిన కాలం, శిక్షణ, పతకాలు వంటి పరిమిత వివరాలు ఇస్తారు. పతకాల గురించి అబద్ధం ఆడడాన్నే నేరం చేసిన చట్టాన్ని 2012లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. భావప్రకటన స్వేచ్ఛలో అబద్ధానికి కూడా కొంత చోటు ఉందన్నది తీర్పు సారం. దాంతో 2013లో కొత్త చట్టం చేసి, డబ్బో మరో లాభమో పొందడానికి కొన్ని పతకాలు వచ్చాయని అబద్ధం చెప్పడాన్ని నేరం చేశారు. సరుకు అమ్ముకునేవారికి ఈ తేడా ముఖ్యం. ఇప్పటికీ సర్వీసులో ఉన్నవారు తమ హోదానో యూనిఫారాన్నో చూపి ప్రైవేటు సరుకును సిఫారసు చేయకూడదు. పదవీ విరమణ పొందినవారు ఆ సంగతి చెప్పి, రక్షణశాఖ మద్దతు ఉందన్న భ్రమ కలిగించకుండా హోదా రాసుకోవచ్చు.

విరాళం మాట మరింత జారుడు మాట. "లాభంలో కొంత భాగం" అంటే ఎంత, ఏ సంస్థకు అన్నవి చెప్పకపోతే దానికి బరువు లేదు. సంస్థ పేరు చెబితే పన్నుల శాఖ సైట్‌లో ఆ పేరు వెతకండి. విరాళాల సంస్థల్లో ఎక్కువ భాగం ఏటా దాఖలు చేసే 990 అనే పత్రంలో డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఉంటుంది. సైనికుల పేరిట జరిగే వసూళ్లలో మోసాలు ఎంతగా పెరిగాయంటే, 2018 జులైలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రాష్ట్రాల అధికారులు కలిసి వందకు పైగా చర్యలను ఒకేసారి ప్రకటించారు. మీకు సైనికులకు సాయం చేయాలని ఉంటే చొక్కా డబ్బు చొక్కాకు, విరాళం డబ్బు విరాళానికి విడిగా పంపడం సులువు.

ప్రశ్న: అమెరికా జెండాను చొక్కాగా వేసుకోవడం అక్కడ నేరం కాదా? ఇంకొక సందేహం: చొక్కా చేతి మీద జెండా తిరగేసి ముద్రించారు. అచ్చుతప్పా?

జవాబు: నేరం కాదు. జెండాను దుస్తులుగా వాడరాదని, ప్రకటనలకు వాడరాదని అక్కడి జెండా నియమావళిలో రాసి ఉన్న మాట నిజమే, కానీ అది మర్యాద చెప్పే చట్టం, శిక్ష వేసేది కాదు. జెండాను తగలబెట్టడం కూడా భావప్రకటన కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1989లో తీర్పు ఇచ్చింది. అసలైన జెండాను కత్తిరించి కుట్టనంత వరకు తప్పు లేదని మాజీ సైనికుల సంఘమైన అమెరికన్ లీజియన్ వాదన. ఆ నియమావళిని వల్లించేవారే దాని మీద వ్యాపారం చేయడం మాత్రం నాకు కాస్త నవ్వు తెప్పిస్తుంది.

అచ్చుతప్పు కాదు. సైనిక యూనిఫారం కుడి భుజం మీద నక్షత్రాల భాగం ముందుకు ఉండేలా జెండా కుడతారు; మనిషి ముందుకు నడిస్తే జెండా గాలికి వెనక్కి ఎగిరినట్టు ఉండాలన్నది ఉద్దేశం. చొక్కాలవారు దాన్ని నకలు చేశారు. ఎడమ చేతి మీద కూడా తిరగేసి ఉంటే, అప్పుడు అచ్చుతప్పే.

ప్రశ్న: నేను అరిజోనాలో ఎంఎస్ చదువుతున్నాను. కొండల్లో నడక, క్యాంపింగ్ మీద తెలుగులో వీడియోలు చేస్తాను. ఒక టాక్టికల్ సామాన్ల కంపెనీ నాకు ఉచితంగా ప్లేట్ క్యారియర్, సంచి పంపుతాను, వీడియో చేస్తే కోడ్ మీద కమిషన్ ఇస్తాను అంటోంది. ఒప్పుకోవచ్చా?

జవాబు: బాబూ, వీడియో సంగతి కంటే ముందు నీ వీసా సంగతి చూసుకో. నువ్వు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉంటే, అనుమతి లేని పనికి ప్రతిఫలం తీసుకోవడం నీ హోదాకే ముప్పు తేవచ్చు. కమిషన్ డబ్బు మాత్రమే కాక, వీడియోకు బదులుగా వచ్చిన వస్తువు కూడా ప్రతిఫలం అనిపించుకునే అవకాశం ఉంది. పన్నుల శాఖ సైతం పనికి బదులుగా వచ్చిన వస్తువు బజారు విలువను ఆదాయంగానే చూస్తుంది. కంపెనీవారు "అందరూ చేస్తున్నారు" అంటారు. వారికి నీ వీసాతో పని లేదు. మీ విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడిగి, అవసరమైతే వలస చట్టాల న్యాయవాదితో మాట్లాడిన తరువాతే జవాబు ఇవ్వు. అప్పటిదాకా పార్సిల్ కూడా తీసుకోకు.

నీకు పని చేసే అనుమతి ఉంటే, లేదా రేపు వస్తే, వీడియో మొదట్లోనే "ఇవి నాకు ఉచితంగా వచ్చాయి, మీరు ఈ కోడ్‌తో కొంటే నాకు డబ్బు వస్తుంది" అని నోటితో చెప్పు, తెర మీద కూడా చూపించు. తెలుగులో చేసే వీడియోకు ఆ మాట తెలుగులోనే ఉండాలి. వాడనివాటి గురించి వాడినట్టు మాట్లాడకు. ప్లేట్ క్యారియర్ విషయంలో ఇంకొక జాగ్రత్త: అది పలకలు పెట్టుకునే గుడ్డ చొక్కా మాత్రమే, పలకలు లేకుండా అది ఏ తూటానూ ఆపదు. ఈ సంగతి తెలియక కొనే కుర్రవాళ్లు ఉన్నారు. కొండ ఎక్కడానికి అది బరువే తప్ప ఉపయోగం లేదు కాబట్టి, నీ వీడియోలు చూసేవారికి ఆ సంచి ఒక్కటి చూపిస్తే చాలు.